అమ్మ లేని వాటా

"ఆ ఎర్లెనౌ కోట నీకెందుకు చెప్పు? చలికి కొయ్యబారి చస్తావు," అన్నాడు బుర్కార్ట్ దొర, వాచిన కుడికాలు పీట మీద చాపి.

హెడ్విగ్ దొరసాని కింద చాప మీద కూర్చుని, వేడిచేసిన బాతు కొవ్వు ఆ కాలి బొటనవేలి చుట్టూ మెల్లగా రాస్తోంది. దొరకి కీళ్లవాతం పట్టుకుని చాలా ఏళ్లయింది. నౌకరు ముట్టుకుంటే అరుస్తాడు, వైద్యుడు ముట్టుకుంటే బూతులు లంకించుకుంటాడు, ఆమె ముట్టుకుంటే మాత్రం ఊరికే మూలుగుతాడు. "నీ చెయ్యి మెత్తన" అని ఎప్పుడో ఒకసారి నోరు జారాడు. అంతే, ఈ కాలు ఆమె పాలిట పడిపోయింది. ఈ ఇంట్లో మెచ్చుకోలు అంటే అదే మరి. ఆమె చేత్తో ఊరేసిన క్యాబేజీ రుచే వేరని ఒక శీతాకాలం మామగారు అన్నారు, ఇక ఏటా పీపాల కొద్దీ క్యాబేజీ తరిగించి ఉప్పు తొక్కించి నేలమాళిగలో కాళ్లు తిమ్మిరెక్కేదాకా నిలబడడం ఆమె వంతు. జ్వరాల కషాయం ఆమె కాస్తేనే పనిచేస్తుందని అత్తగారు అన్నారు, ఇక ఊళ్లో ఎవరికి ఒళ్లు కాలినా కోట వెనక గుమ్మం దగ్గరికే వచ్చి నిలబడేవారు. సంస్థానాధీశుడి భార్య అని పేరే గానీ, నడుము వాల్చే తీరిక పాలికాపు పెళ్లానికైనా ఉంటుందేమో, ఆమెకి లేదు.

"మాట్లాడవేం?"

"వింటున్నాగా."

"వింటే చాలదు. మిఖాయేలు పండుగ వెళ్లగానే పంపకం పెట్టుకున్నాం. ఎర్లెనౌ మీద నీ హక్కు అలా వేలాడుతుంటే పిల్లలు ఏ వాటా అని తీసుకుంటారు? ఒక్కసారి అక్కడి సంతవీధిలో నిలబడి ఆ ఒక్క మాటా అనేస్తే పీడా పోతుంది. జనానికి బీరు నేను పోయిస్తాలే."

"మరి మీ తర్వాత నేనెక్కడ ఉండాలి?"

దొర నిజంగానే ఆశ్చర్యపోయాడు. పాపం, ఆయన చెడ్డవాడు కాదు. ఆ ప్రశ్న ఆయనకు ఎన్నడూ తట్టలేదు, అంతే.

"ఎక్కడేమిటి? పిల్లల దగ్గర! ఇద్దరు మగపిల్లల్ని కన్నదానివి, నీకు నీడకి కరువా? అబ్బా, చూసి కట్టవే, బిగిసిపోతోంది."

ఆమె కట్టు వదులు చేసింది. ఎర్లెనౌ అంటే ఆ సంస్థానంలో ఓ చిన్న ఊరు. పక్కన ఏరు, పైన గుట్ట, గుట్ట మీద ముతక రాతి కోట. ఆ దేశపు ఆచారం ఏమిటంటే, దొరింటికి కోడలు వచ్చినప్పుడు ఒక ఊరిని ఆమె మనోవర్తికని విడిగా పెడతారు. పెళ్లయిన వారంలోనే ఆమెను అక్కడికి తీసుకెళ్లి నిలబెడితే, ఊళ్లోని ఇంటిపెద్దలందరూ కుడిచేతి మూడు వేళ్లు పైకెత్తి, దొర ముందు పోతే ఈమే మా దొరసాని అని ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణాన్ని చక్రవర్తి వచ్చినా రద్దు చెయ్యలేడు. ఆమే మళ్లీ అదే జనం ఎదుట నిలబడాలి, వాళ్లు మళ్లీ వేళ్లు ఎత్తాలి, ఆమె తన నోటితో "దించండి, మీకూ నాకూ చెల్లు" అనాలి. అప్పటిదాకా ఎర్లెనౌ ఆమెదే.

హెడ్విగ్‌ను అక్కడ నిలబెట్టిన నాటికి ఆమెకు పదహారేళ్లు. తలమీద కిరీటం బరువు, కొత్త బూట్లు కరుస్తున్నాయి. ఎదురుగా అంతమంది చేతులు లేస్తే భయమేసి ఏడుపొచ్చింది. గుంపులో ఎవరో ముసలమ్మ "అయ్యో, పసిముండ, పెళ్లి ముచ్చటైనా తీరలేదు, అప్పుడే విధవ ఇల్లు చూపిస్తున్నారు" అని ముక్కు మీద వేలేసుకుంది. ఆ మాట అత్తగారి చెవిన పడింది. "అదేం మాట్లాడినా నిజమే మాట్లాడింది," అందావిడ పెదవి విరిచి.

ఆ అత్తగారు, మార్గరెథా దొరసాని, మామూలు మనిషి కాదు. ఆషెన్‌రోడ్ కోటలో ఉన్నన్నాళ్లూ కోడల్ని నంజుకు తింది. సూప్ చల్లారిందని ఓరోజు, దుప్పటి సరిగ్గా మడవలేదని ఓరోజు, మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టిందని ఏడాది పొడుగునా. "మా వంశానికి నీ కడుపు అచ్చిరాలేదే" అని నలుగురిలో అనేది. మామగారు పోయాక ఆచారం ప్రకారం, కోడలి కంటే ముందు తనకే మనోవర్తిగా పెట్టిన ఎర్లెనౌకి వెళ్లిపోతే కోటంతా ఊపిరి పీల్చుకుంది. ఓ వేసవిలో చెప్పాపెట్టకుండా ఆవిణ్ణి చూడబోయిన హెడ్విగ్ గుమ్మంలోనే ఆగిపోయింది. తలగుడ్డ లేదు, మెడపట్టీ లేదు, పరికిణీ పైకి దోపుకుని, తన ముసలి దాసీతో కలిసి మెట్ల మీద కూర్చుని ఉప్పుచేప వేళ్లతో చీల్చుకు తింటూ, దేనికో పగలబడి నవ్వుతోంది ఆ మహాతల్లి. కోడల్ని చూసి సిగ్గుపడలేదు. "రా, కూర్చో. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు," అంది. పక్కన జరిగి చోటిచ్చింది. ఆ పూట ఒక్క సూటిపోటి మాట అనలేదు. తిరిగొచ్చేటప్పుడు బండిలో హెడ్విగ్‌కు ఆగకుండా కన్నీళ్లొచ్చాయి, దేనికో ఆమెకే తెలియలేదు. అన్నేళ్లూ తనను పీడించినది అత్తగారనుకుంది. ఆవిడ కూడా ఆషెన్‌రోడ్‌లో ఉక్కపోసి చచ్చిన మనిషేనని ఆ రోజుదాకా అనుకోలేదు. ఆవిడ పోయాక ఎర్లెనౌ కోటకి తాళం పడింది. అప్పటినుంచి, కోట పనుల్లో ఒళ్లు హూనమైన రోజున, హెడ్విగ్ ఆ మెట్లను తలుచుకుని నిద్రపోయేది.

ప్రతి ఆదివారం చర్చిలో పాస్టరుగారు దొర క్షేమం కోసం ప్రార్థన చేసేముందు ఆయన బిరుదులు చదువుతారు. ఆషెన్‌రోడ్ ప్రభువు, హిర్ష్‌టాల్ అధిపతి, వైన్‌బుర్గ్‌కూ ఎర్లెనౌకూ యజమాని, అలా ఒక్క ఊపిరిలో. ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్న హెడ్విగ్ లోపల తన పాఠం తాను చదువుకునేది. హిర్ష్‌టాల్ అడవులు దొర నాయనమ్మతో వచ్చాయి, ఆవిడ అన్నదమ్ములు లేని పిల్ల. వైన్‌బుర్గ్ ద్రాక్షతోటలు తనతో వచ్చాయి, తన పెట్టెలతోపాటే. చక్రవర్తి పక్షాన హంగరీ యుద్ధానికని దొర గుర్రమెక్కి వెళ్లి ఏళ్ల తరబడి రాకపోతే, మశూచి వచ్చినప్పుడూ, ఏరు పొంగినప్పుడూ, పొరుగు సంస్థానం వాడు సరిహద్దు రాళ్లు జరిపినప్పుడూ ఈ నేలను పట్టుకుని నిలబడింది ఎవరు? దొర తిరిగొచ్చి, "నేను లేకపోయినా దేవుడి దయవల్ల అంతా చక్కగా ఉంది" అన్నాడు. దేవుడి దయేనట! ఆ దేవుడు చంకలో చిన్నకొడుకు కాసిమిర్‌ను ఎత్తుకుని, వానలో తడుస్తూ సరిహద్దు రాళ్లు చూడ్డానికి వెళ్లాడు కాబోలు. అవన్నీ పైకి అనలేదు. అనడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. కూతురు ఓటిలియా పెళ్లిలో దివాను ఆ పిల్ల చేత మూడు వేళ్లు ఎత్తించి, పుట్టింటి నేలలో పిడికెడు మట్టి కూడా నాది కాదని ఒట్టు వేయించినప్పుడూ ఏమీ అనలేదు. తనూ వేసిందిగా ఆ ఒట్టు. అందరూ వేసేదే.

మిఖాయేలు పండుగ వెళ్లింది. పంపకం రోజు వచ్చింది.

పంపకానికీ ఒక పద్ధతి ఉంది అక్కడ. పెద్దవాడు కోస్తాడు, చిన్నవాడు కోరుకుంటాడు. అంటే పెద్దకొడుకు భూమిని రెండు వాటాలు చెయ్యాలి, అందులో ముందుగా ఏది కావాలో ఎంచుకునే హక్కు చిన్నవాడిది. ఎటు పడినా పడొచ్చు కాబట్టి పెద్దవాడు మోసం చెయ్యలేడని పెద్దలు పెట్టిన కిటుకు. పెద్దకొడుకు యోబ్‌స్ట్ ఆ వేసవంతా దివానుతో కూర్చుని వాటాలు కోశాడు. చిన్నవాడు కాసిమిర్ వేటకుక్కలతో తిరిగాడు.

హాల్లో పొడుగాటి బల్ల. ఓ చివర బుర్కార్ట్ దొర, అటూ ఇటూ కొడుకులు, వాళ్ల వెనక పెద్దకోడలు సబీనా, నిలబడి చదువుతున్న దివాను. సరిగ్గా మొదలెట్టే వేళకే దొరకి కాలు సలుపు మొదలైంది, కట్టు మార్చమన్నాడు. హెడ్విగ్ బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని కట్టు విప్పుతోంది. అక్కణ్ణుంచి ఆమెకు కనబడేవి బూట్లూ, కుర్చీ కాళ్లూ.

"మొదటి వాటా," అన్నాడు దివాను. "ఆషెన్‌రోడ్ కోట, దాంతోపాటు ప్రభువు అనే పెద్ద బిరుదు, హిర్ష్‌టాల్ అడవులు, వేట హక్కులు, చేపల చెరువులు. వాటితోపాటు అమ్మగారు హెడ్విగ్ దొరసాని, ఆమెగారి తిండీ బట్టా, వంటచెరకూ. రెండో వాటా. వైన్‌బుర్గ్, ద్రాక్షతోటలు, ఏటి వంతెన సుంకం, పిండి మరలు, అమ్మగారు వదిలాక ఎర్లెనౌ."

కట్టు చుడుతున్న చెయ్యి ఆగింది. చెరువుల తర్వాత తను. తన తర్వాత వంటచెరకు. ఏదో పొరబాటు విన్నానేమో అనుకుంది. పైన ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి సరిగ్గానే విన్నట్టుంది. ఒక్క క్షణం ఎందుకో ఆమె మనసు కాసిమిర్ మీదికి పోయింది. వాడు కడగొట్టు బిడ్డ. మశూచితో కళ్లు మూసుకుపోయి పడుంటే, గోకకుండా వాడి చేతులు తన చేతుల్లో పట్టుకుని కూర్చున్నది ఆమే. పెద్దవాడయ్యాక కూడా ఎక్కడికెళ్లినా తిరిగొచ్చి ముందు అమ్మ ఎక్కడా అని అడిగేవాడు. సిగ్గులేని మనసు, ఆ మాటలు తనని ఎంతగా నొప్పించినా, వాడు ఏమంటాడా అని చెవులు రిక్కించింది.

"రెండోది," అన్నాడు కాసిమిర్. ఆలోచించనైనా లేదు.

కుర్చీ కిర్రుమని వెనక్కి పోయింది. యోబ్‌స్ట్ లేచినట్టున్నాడు.

"రెండోదేమిట్రా? సరిగ్గా విన్నావా? అమ్మ మొదటి దాంట్లో ఉంది!"

"విన్నానన్నయ్యా. అమ్మ లేనిదే ఇవ్వు నాకు."

"నీ కోసమే కదరా అమ్మని అటు పెట్టింది! అమ్మకూచివి, అమ్మ ఎటుంటే అటే వస్తావని..." అని, తండ్రి ఎదుట ఉన్నాడని గుర్తొచ్చి సగంలో నోరు మూసుకున్నాడు యోబ్‌స్ట్.

అప్పుడర్థమైంది హెడ్విగ్‌కు. పెద్దవాడికి ద్రాక్షతోటలు కావాలి. అందుకని తమ్ముణ్ణి అడవుల వైపు లాగడానికి గాలానికి ఎరలా తల్లిని గుచ్చాడు. చేప ఎర ముట్టలేదు. ఇప్పుడు ఎర వేసినవాడి చేతిలోనే మిగిలిపోయింది.

"ఏమండీ, ఇప్పుడు అత్తగారు మన దగ్గరా?" అని సబీనా మొగుడి చెవిలో గుసగుసలాడింది. గుసగుస అని ఆవిడ అనుకుంది గానీ బల్ల కిందికి కూడా వినబడింది. దొర నవ్వాడు. "కోసినవాడివి నువ్వే, మింగు మరి!" అన్నాడు పెద్దకొడుకుతో. చిన్నవాడు గెలిచినందుకు ఆయనకు ముచ్చటేసింది. తర్వాత కాలు కదిపి, "హెడ్విగ్, కట్టు వదులైంది చూడు," అన్నాడు.

ఆమె బిగించింది. బల్ల అంచు పట్టుకుని లేచింది. మోకాళ్లు కళుక్కుమన్నాయి. ఆమె అక్కడే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టు అందరూ తలలు దించుకున్నారు. యోబ్‌స్ట్ చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ చెయ్యి మాత్రం అందించలేదు.

సాయంత్రం కాసిమిర్ వంటింటికి వచ్చాడు. ఆమె బేరిపళ్లు చెక్కు తీయిస్తోంది. గుమ్మానికి ఆనుకుని నిలబడి, "కోపమొచ్చిందా అమ్మా?" అన్నాడు.

"దేనికి?"

"నువ్వైతే అర్థం చేసుకుంటావనే అలా అన్నాను. నువ్వు నా దగ్గరుంటే నేనెప్పటికీ పిల్లాణ్ణే అమ్మా. చలేస్తోందా అంటావు, తాగింది చాలంటావు. నా ఇల్లు నాకు ఇల్లులా ఉండాలి కదా! వేసవిలో వచ్చి చూసి పోతుంటాలే. నా బంగారు తల్లివి కదూ?"

నా ఇల్లు నాకు ఇల్లులా ఉండాలి. వాడు అన్నదాంట్లో తప్పేముంది? ఆ మాట పాతికేళ్లు నిండని కుర్రాడికి ఎంత సులువుగా నోట్లోంచి వచ్చిందో చూసి ఆమె అబ్బురపడింది. తను ఆ కోరికనే ఎన్నేళ్లు దొంగసొత్తులా దాచుకుంది! అత్తగారి మెట్ల మీద కూర్చోవాలనిపించినందుకు ఎన్నిసార్లు చర్చిలో మోకరించి క్షమించమని దేవుణ్ణి అడిగింది! మొగుడు పోతే తప్ప దక్కని ఇల్లు అది, దాన్ని తలుచుకోవడమంటే ఆయన చావు కోరుకున్నట్టే కదా అని తనని తాను ఎంత తిట్టుకుంది! వీడు మాత్రం అందరూ బతికుండగానే బల్ల ముందు కూర్చుని అడిగి పుచ్చుకున్నాడు. కోపం రావాలి. రాలేదు. ఎంతో దూరం నడిచి వచ్చినదానిలా ఒళ్లంతా నీరసం, ఎక్కడో ఒకచోట కూర్చోవాలని మాత్రం ఉంది.

"తిన్నావా?" అని అడిగింది అలవాటుగా. వాడు నవ్వి ఒక పండు తీసుకుని వెళ్లిపోయాడు.

ఎర్లెనౌ ప్రయాణానికి ముందురోజు సబీనా వచ్చింది, మంచి మాట చెబుతున్నట్టు మొహం పెట్టి. "అత్తగారూ, మున్ముందు మీకుంటుందని వంటింటి పక్కన గది సర్దించాను. పొయ్యి వేడి తగులుతుంది. మీకూ ఎలాగూ అక్కడే తోస్తుంది కదా," అంది. హెడ్విగ్ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఎప్పుడో ఈ పిల్ల కూడా ఏదో ఒక ఊళ్లో నిలబడి, ఎత్తిన చేతులు చూసి బెదిరిపోయే ఉంటుంది.

"నీ మనోవర్తి ఏ ఊరమ్మా?" అని అడిగింది.

"హిర్ష్‌టాల్ మీది పాత బంగళా. ఎందుకు?"

"ఊరికే. ఎప్పుడైనా వెళ్లి చూసిరా. తలుపులూ అవీ చెదలు పట్టకుండా చూసుకో."

సబీనాకు ఏమీ అర్థం కాలేదు. ముసలావిడకి మతి చెడుతోందనుకుని ఉంటుంది. వెళ్లిపోయింది.

ఎర్లెనౌ సంతవీధి నిండిపోయింది. దొర చెప్పినట్టే బీరు పీపాలు దింపించాడు. ఆయన మాత్రం బండి దిగలేదు, కాలు దిండు మీద పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. బండి పక్కన కొడుకులిద్దరూ గుర్రాల మీద ఉన్నారు. మధ్యలో వేసిన చెక్క అరుగు మీద హెడ్విగ్, పక్కన దివాను. ఊరిపెద్ద గెర్లాక్ టోపీ చేతిలో పట్టుకుని ముందుకొచ్చాడు. తలంతా నెరిసిన మనిషి.

"దొరసానమ్మా, ఆనాడు మా నాన్న ఎత్తాడు చెయ్యి మీకు. నేనాయన భుజాల మీద కూర్చున్నాను. ఇవాళ నన్ను దించమంటున్నారు. ఏం తప్పు చేశామో చెబితే..."

"ఏ తప్పూ లేదయ్యా. ఎత్తండి."

చేతులు లేచాయి. అద్దకం పనివాడి నీలిరంగు వేళ్లు, పిండి అంటుకున్న మరవాడి వేళ్లు, వణికే ముసలి వేళ్లు. ఈసారి ఆమెకు భయం వెయ్యలేదు. ఇన్నేళ్లుగా ఇంట్లో ఆమె చూసినవి, ఈ కాలు పట్టు, ఆ పీపా చూడు, ఈ బిడ్డనెత్తుకో అని పిలిచిన చేతులే అన్నీ. ఇవి మాత్రం ఆమెను ఏమీ చెయ్యమనకుండా ఊరికే గాల్లో నిలబడి, ఆమె ఏమంటుందోనని కాచుకుని ఉన్నాయి. దివాను వంగి "దించండి, మీకూ నాకూ చెల్లు, అంతే అమ్మగారూ, అనెయ్యండి," అని గొణిగాడు. ఆమె గుట్ట మీదికి చూసింది. కోట పొగగొట్టాల్లో కాకులు గూళ్లు కట్టినట్టున్నాయి. కప్పు ఒకచోట కుంగింది. చలి నిజమే, బాగానే ఉంటుంది.

"నేను మిమ్మల్ని దించమనడం లేదు," అంది హెడ్విగ్, అందరికీ వినబడేలా. "మీ ప్రమాణం మీదే, నా ఊరు నాదే."

గుంపులో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. యోబ్‌స్ట్ కళ్లప్పగించి చూస్తుండిపోయాడు. కాసిమిర్ గుర్రాన్ని అరుగు దాకా తోలుకొచ్చాడు, మొహం కందగడ్డ చేసుకుని.

"ఏంటమ్మా ఇది, నలుగురిలో? ఎర్లెనౌ నా వాటాలోది!"

"నీ వాటాలో నేను లేను కదా నాన్నా. నా దాంట్లో నువ్వూ లేవు," అంది ఆమె మెత్తగానే. తర్వాత గెర్లాక్ వైపు తిరిగింది. "ఆ పైన పొయ్యి వెలిగించడానికి ఎవరైనా దొరుకుతారా అయ్యా? ఇవాళ్టి నుంచి నేనక్కడే ఉంటాను."

బండి కిటికీలోంచి సగం బయటికి వచ్చేశాడు బుర్కార్ట్ దొర.

"హెడ్విగ్! నీకేమైనా పిచ్చా? మనోవర్తి విధవలకిచ్చేది! నేనింకా చావలేదే!"

ఆమె అరుగు మెట్టు ఒక్కొక్కటే దిగుతూ ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"తెలుసండీ. నిండు నూరేళ్లూ చల్లగా బతకండి. అంతవరకూ ఆగే ఓపిక మాత్రం నాకు లేదు."